హుస్సేన్‌సాగర్‌లో గ్లోవ్స్ ఇచ్చిన అన్నకు

మొన్న జూలైలో ఒక ఆదివారం హుస్సేన్‌సాగర్‌లో నా లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) రెండుసార్లు బోల్తా పడింది. ఉన్నట్టుండి గాలి పెరిగింది. లేజర్‌కు ఉన్నది ఒక్కటే తెరచాప, సుమారు 7 చదరపు మీటర్లు. పొద్దున చిరుగాలి కదా అని దాన్ని పొట్టగా, వదులుగా కట్టి అలాగే వదిలేశాను. పైగా టెన్షన్‌లో మెయిన్‌షీట్‌ను, అంటే తెరచాపను లాగి వదిలే తాడును, బిగించి పట్టుకున్నాను. అరచేతులు ఒలిచిపోయాయి. ఆ నీళ్లు నోట్లోకి కూడా వెళ్లాయి, రుచి అడక్కండి.

మీరు మీ ప్రాక్టీస్ వదిలేసి పక్కకొచ్చారు. ఒక చేత్తో నా పడవ అంచు పట్టుకుని, ముక్కును గాలికి ఎదురుగా తిప్పారు. "ముందు తాడు వదులు తమ్ముడూ, ఊపిరి తీసుకో" అన్నారు. తర్వాత మీరే వంగి కన్నింగ్‌హామ్ (చాప ముందు అంచును కిందికి లాగే తాడు) లాగారు, అవుట్‌హాల్ (చాప కింది మూలను వెనక్కి లాగే తాడు) బిగించారు, వ్యాంగ్ (చాప అడుగున ఉండే అడ్డ గొట్టం బూమ్‌ను కిందికి లాగే తాడు) కూడా. చాప పొట్ట నా కళ్ల ముందే చదునైపోయింది.

"గాలి కొట్టినప్పుడు మెయిన్‌షీట్ జానెడు వదులు, తగ్గగానే మళ్లీ లాగు. బాగా తగ్గిపోతే అవుట్‌హాల్ వదిలి పొట్ట రానివ్వు. మధ్యలో బూమ్‌కీ చాపకీ నడుమ అరచెయ్యి పట్టాలి" అని మీ చెయ్యి పెట్టి చూపించారు.

వెళ్తూ వెళ్తూ మీ గ్లోవ్స్ తీసి నా ఒళ్లో వేశారు. వట్టి చేతుల్తో మీరెలా ఒడ్డుకు చేరారో! ఎడమదాని బొటనవేలి దగ్గర నల్లదారంతో కుట్లున్నాయి. ఉతికి ఆరబెట్టి ఉంచాను. మీ పేరు కూడా అడగలేదు. చాలా థాంక్స్ అన్నా.