సెల్ఫ్ గర్రుమంటే సెల్ఫే పోయినట్టా?

సంపాదకుల వారికి నమస్కారం.

మాది కనగల్ మండలం. నా దగ్గర ఒక పాత పికప్ ఉంది, 2012 మోడల్, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. సీజన్‌లో బత్తాయి, లేనప్పుడు జామ, కూరగాయలు, ఒక్కోసారి పెళ్లి సామాను కూడా తోలతాను. మీ పేపర్‌లో కొత్త కార్ల గురించి పేజీలకు పేజీలు వస్తాయి గానీ పాత బండి నడుపుకునేవాళ్లకు పనికొచ్చే ముక్క ఎప్పుడూ కనపడలేదు, అందుకే నేనే రాస్తున్నా. పొడుగైతే కత్తిరించుకోండి, గేర్‌లో వేసి బండి తోసిన సంగతి మాత్రం తీసేయకండి.

పోయిన సంక్రాంతి ముందు బాటసింగారం మార్కెట్‌లో జామ లోడ్ దింపి తిరిగొస్తున్నా. పంతంగి టోల్‌గేట్ దగ్గర పండగ రద్దీ ఎట్లుంటుందో విజయవాడ రోడ్డు ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. డీజిల్ మిగులుతుంది కదా అని ఇంజిన్ ఆపాను. లైన్ కదిలింది, తాళం తిప్పాను, సెల్ఫ్, అంటే ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్, గర్ర్‌ర్ర్ అంది. గింజల్లేకుండా ఇసుర్రాయి తిప్పితే ఎట్లుంటుందో అట్లా, కాకపోతే ఇనుముది. వెనక హారన్లు మొదలైనయి. మళ్లీ తిప్పితే మళ్లీ అదే. మూడోసారికి ఏమీ ఎరగనట్టు స్టార్టయింది, నాకు మాత్రం టెన్షన్‌తో చొక్కా తడిసిపోయింది.

పండగ పోయాక నల్లగొండలో ఒక షాపుకు తీసుకుపోయాను. కుర్రాడు తాళం ఒక్కసారి తిప్పి "సెల్ఫ్ పోయిందన్నా, వేరేది ఏద్దాం, బ్యాటరీ గూడ మార్చుకుంటే మంచిది" అన్నాడు. బ్యాటరీ వద్దన్నా. రిపేరు చేసి అమ్మే సెల్ఫ్ ఒకటి వేసి 4,500 తీసుకున్నాడు. ఇరవై రోజులు బాగానే ఉంది. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే మా ఇంటి ముందు మళ్లీ గర్ర్‌ర్ర్, ఈసారి ఇరుగుపొరుగు కూడా లేచారు.

అప్పుడు మా బావమరిది చెప్తే దేవరకొండ రోడ్డులో వేపచెట్టు కింద పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను, అందరూ చాచా అంటారు. ఆయన పానా ముట్టుకోలేదు, కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. "ప్రతిసారి గర్రంటదా?" లేదు చాచా, నాలుగైదు సార్లకు ఒకసారి. "ఇంజిన్ అందుకున్నంక గూడ సప్పుడొస్తదా?" రాదు. "పొద్దున సల్లగున్నప్పుడా, వేడి మీదనా?" రెండిట్లోనూ. ఈ మూడు ప్రశ్నలు మొదటి షాపులో అడిగి ఉంటే నా డబ్బులు నా జేబులోనే ఉండేవి.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నా. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంటేనో, టకటకటక అని కొట్టుకుంటేనో ముందు బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడాలి. బండి ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది, సెల్ఫ్ కొడుతుండగా 9.5 కంటే కిందికి పడిపోతే బ్యాటరీయో, దాని వైర్లో, సెల్ఫే ఎక్కువ కరెంటు లాగుతుందో, వెతకాలి. సెల్ఫ్ కొసన బెండెక్స్ అనే చిన్న పళ్ల చక్రం ఉంటుంది, సోలినాయిడ్ అనే కరెంటు అయస్కాంతం దాన్ని ముందుకు తోసి ఇంజిన్ పళ్లలో కలుపుతుంది. కరెంటు చాలకపోతే సోలినాయిడ్ బెండెక్స్‌ను గట్టిగా పట్టి ఉంచలేక వదిలేస్తుంది, అప్పుడూ పళ్లు గీరుకుంటాయి, అందుకే బ్యాటరీ చూడకుండా సెల్ఫ్ విప్పొద్దంటాడు. మోటార్ మాత్రం గిర్రున తిరిగి ఇంజిన్ కదలకపోతే బెండెక్స్ లోపలి క్లచ్ జారుతున్నట్టు. ఇంజిన్ అందుకున్నాక కూడా కీచుమని వస్తుంటే బెండెక్స్ వెనక్కి రావట్లేదు, అది వెంటనే చూపించుకోవాలి, లేకపోతే ఇంజిన్ వేగానికి సెల్ఫ్ లోపల తిరిగే ఆర్మేచర్ చెదిరిపోతుంది. ఇక నాలాగా నాలుగైదు సార్లకు ఒకసారి గర్రుమంటే అనుమానం ఫ్లైవీల్ రింగ్ మీదికి, అంటే ఇంజిన్ వెనక పెద్ద చక్రం చుట్టూ బెండెక్స్ పట్టి తిప్పే పళ్ల మీదికి పోతుంది.

ఇప్పుడు ఆ తోసే సంగతి. ఎప్పుడు గర్రుమంటే అప్పుడు తాళం పూర్తిగా ఆఫ్ చేసి, తీసి జేబులో వేసుకుని, బండిని నాలుగో గేర్‌లో వేసి ఇద్దరు ముగ్గురు కలిసి ముందుకు కొంచెం తోయాలి. చక్రంతో పాటు ఇంజిన్ కొంచెం తిరుగుతుంది, ఫ్లైవీల్ ఆగిన చోటు మారుతుంది. న్యూట్రల్‌కు తెచ్చి, హ్యాండ్‌బ్రేక్ వేసి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. నేను వారంలో మూడుసార్లు చేశాను, మూడుసార్లూ వెన్నలాగా స్టార్టయింది. అంటే సెల్ఫ్ మంచిదే, దానికి దొరికే పళ్లే మంచివి కావు.

ఎందుకట్లా అంటే, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను ఆపినప్పుడు సిలిండర్లలో గాలి ఒత్తిడి (కంప్రెషన్) వల్ల ఫ్లైవీల్ ఎదురెదురుగా ఉండే రెండు చోట్లలో ఒకదాని దగ్గరే దాదాపు ఎప్పుడూ ఆగుతుంది. ఏళ్ల తరబడి బెండెక్స్ పోయి గుద్దేది అక్కడుండే ఆ కొన్ని పళ్లనే. చాచా సెల్ఫ్ దించి, ఆ కంతలోంచి టార్చ్ వేసి, క్రాంక్ పుల్లీ నట్టుకు పానా పెట్టి ఇంజిన్‌ను మెల్లగా తిప్పుతూ నన్ను చూడమన్నాడు. పళ్లు చక్కగా వరసగా పోతూ పోతూ ఒక్కచోట సగానికి సగం అరిగి, అంచులు మొండిగా, పాత కొడవలి నోరులాగా కనపడినయి. సగం చుట్టు తిప్పితే మళ్లీ అట్లాంటివే. ఆ షాపులో వేసిన సెల్ఫ్ బెండెక్స్ పళ్ల మీద కూడా అప్పటికే గీతలు పడ్డాయి. దానికి తోడు సెల్ఫ్ బిగించే బోల్టుల్లో ఒకటి చేత్తోనే తిరిగింది, వాషర్ లేదు, అది రాసుకున్న చోట ఇనుము తళతళ మెరుస్తోంది. బోల్టు వదులైతే సెల్ఫ్ వంకర పోయి మంచి పళ్లను కూడా తినేస్తుంది.

రింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, అందుకే ఎవరూ ఆ మాట ఎత్తరు. కొత్త రింగ్‌ను సమంగా వేడి చేస్తే వ్యాకోచించి ఫ్లైవీల్ మీద కూర్చుంటుంది, చల్లారితే పట్టేసుకుంటుంది. పాతదాన్నే తిరగేసి ఎక్కిద్దాం, చవక అనేవాళ్లున్నారు, నేనూ ఆశపడ్డాను. కానీ పళ్లకు ఒక పక్క వాలు చెక్కి ఉంటుంది, బెండెక్స్ ఆ వాలు మీదుగా జారి లోపలికి పోవాలి, తిరగేస్తే వాలు అవతలికి పోతుంది, అందుకే కొత్తదే వేయించాను. ఎట్లాగూ గేర్‌బాక్స్ కిందికొచ్చింది కాబట్టి క్లచ్ ప్లేట్ కూడా చూపించుకున్నా.

ఇంకో మాట. సెల్ఫ్ ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. సెల్ఫ్ దాకా వచ్చే లావు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, పానా దానికీ బాడీకీ తగిలితే నిప్పులే. స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ కలిపి స్టార్ట్ చేసే విద్య మా దగ్గర ప్రతి రెండో డ్రైవర్‌కూ వచ్చు, బండి గేర్‌లో ఉంటే అది ఎదురుగా నిలబడ్డ మనిషి మీదికే వస్తుంది. తాళం కూడా పది సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు, కాసేపు ఆగి మళ్లీ కొట్టాలి.

మీకు నా విన్నపం, జిల్లా పేజీలో వారానికి ఒక చిన్న మూల ఇట్లాంటి వాటికి ఇవ్వండి, చాచా లాంటి వాళ్లను అడిగి రాయించండి. షాపుల వాళ్లకు నా విన్నపం, మార్చిన పాత సామాను బండి యజమాని చేతికివ్వండి. నా పాత సెల్ఫ్ ఏదని మొన్న ఆ మొదటి షాపుకు పోయి అడిగాను. తుక్కుకు పోయిందన్నా అన్నాడు. షెల్ఫ్‌లో రంగు వేసి ఆరబెట్టిన సెల్ఫ్‌లు మాత్రం నాలుగు వరసగా ఉన్నాయి, అందులో నాది ఉందో లేదో నేనెట్లా గుర్తుపట్టను?

ఇట్లు,
ఒక పికప్ యజమాని,
కనగల్ మండలం, నల్లగొండ జిల్లా