వార్షిక నివేదిక: అంతరిక్ష రంగంలో ఖర్చు, కొలువులు, వాడకం

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది సంఘం పనంతా మూడు ప్రశ్నల చుట్టూ తిరిగింది. అంతరిక్షం పేరిట ప్రభుత్వాలు పెడుతున్నదెంత? అందులోంచి పని దొరుకుతున్నది ఎవరికి? నేల మీద అక్కరకొస్తున్నదేమిటి? రాకెట్ల ప్రస్తావన ఈ నివేదికలో తక్కువ. ఈ రంగంలో తిరిగే డబ్బులో వాటి వాటా కూడా తక్కువే.

ఖర్చుల పట్టిక

ఎక్కువ సమయం తిన్నది ఇదే. 2024కి ప్రపంచ అంతరిక్ష ఆర్థిక వ్యవస్థ విలువ 61,300 కోట్ల డాలర్లని అమెరికా సంస్థ స్పేస్ ఫౌండేషన్ లెక్కగట్టింది. అదే ఏడాది ప్రభుత్వాల ఖర్చు 13,500 కోట్ల డాలర్లని అంతరిక్ష రంగ సలహా సంస్థ నోవాస్పేస్ అంచనా. ఈ రెంటినీ కూడకూడదు. మొదటి అంకెలో ప్రభుత్వాల ఖర్చు ముందే కలిసి ఉంది. దానితోపాటు ఉపగ్రహ టీవీ చందాలు, దారి చూపే పరికరాల అమ్మకాలు కూడా ఉన్నాయి.

ప్రభుత్వ ఖర్చులో సగానికి పైగా, అంటే దాదాపు 7,300 కోట్ల డాలర్లు, రక్షణ పద్దుదే. నాసా బడ్జెట్టునే అమెరికా అంతరిక్ష ఖర్చుగా చూపే అలవాటు ఇక్కడే దెబ్బతింటుంది. నాసాకి 2024లో దక్కినవి 2,490 కోట్ల డాలర్లు. దేశం మొత్తం ఖర్చు 8,000 కోట్లకు కాస్త తక్కువ. మిగతాది చాలావరకు సైనిక, నిఘా పద్దుల్లో ఉంటుంది.

యూరప్ దగ్గర ఇంకో చిక్కుంది. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2024 బడ్జెట్టు 779 కోట్ల యూరోలు. యూరోపియన్ యూనియన్ అప్పగించిన పనుల సొమ్ము అందులోనే ఉంది. యూనియన్ పద్దును విడిగా తెచ్చి కలిపితే ఒకే యూరో రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఆర్థిక సంవత్సరం అమెరికాలో అక్టోబరులో, భారత్‌లో ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి, ‘2024’ అని రాసినంత మాత్రాన అందరిదీ ఒకే ఏడాది కాదు.

కొలువులు

2024లో నాసా సొంత సిబ్బంది దాదాపు 18 వేల మంది ఉండేవారు. అమెరికాలో అంతరిక్ష రంగంపై ఆధారపడ్డ ప్రైవేటు ఉద్యోగాలు మాత్రం 2022లో 3,47,000. ఉద్యోగం సంస్థను కాదు, ప్రాజెక్టును పట్టుకుని ఉంటుంది. అంగారకుడి మట్టిని తెచ్చే ప్రాజెక్టుకు నిధులు తేలక 2024 ఫిబ్రవరిలో నాసా కోసం పనిచేసే పరిశోధన కేంద్రం జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ సుమారు 530 మందిని తీసేసింది. యూరప్‌లో ఏ దేశం ఎంత చెల్లిస్తే దాదాపు అంత విలువైన కాంట్రాక్టులు ఆ దేశపు కంపెనీలకే వెళ్తాయి. దానివల్ల కొలువులు అన్ని దేశాలకూ అందుతాయి. పని మాత్రం ముక్కలై ఖర్చు పెరుగుతుంది.

వాడకం

యూరప్ భూ పరిశీలక ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాలతో పంట పచ్చదనాన్ని లెక్కగట్టే పద్ధతి సులువే. పరారుణ కాంతిని కొలిచే బ్యాండు 8 విలువలోంచి ఎరుపు కాంతిని కొలిచే బ్యాండు 4 విలువను తీసేసి, వచ్చినదాన్ని ఆ రెంటి మొత్తంతో భాగించాలి. తప్పు జరిగేది అంతకు ముందే. 2022 జనవరి 25 నుంచి వస్తున్న చిత్రాల్లో ప్రతి విలువకూ 1000 కలిపి ఉంటుంది. దాన్ని తీసేసి, ఆ తర్వాతే 10,000తో భాగించాలి.

ఎరుపు 1400, పరారుణం 4600 అనుకోండి. వెయ్యి తీసేస్తే 0.04, 0.36 వస్తాయి, సూచీ 0.80. తీయడం మరిస్తే 0.53. నిక్షేపంలాంటి పైరు ఎండిపోతున్నట్టు కనిపిస్తుంది! తేదీని నమ్ముకోవద్దు. పాత చిత్రాలను కూడా మళ్లీ ప్రాసెస్ చేసి కొత్త పద్ధతిలో ఇస్తున్నారు, కొన్ని వేదికలు ఆ వెయ్యిని ముందే తీసేసి ఇస్తున్నాయి. చిత్రంతోపాటు వచ్చే వివరాల్లో (మెటాడేటాలో) బేస్‌లైన్ సంఖ్య, అంటే ప్రాసెసింగ్ పద్ధతి వెర్షన్, 04.00 గానీ అంతకు పైన గానీ ఉందా, వేదిక సవరించిందా అన్నవి చూసుకోవాలి.

మబ్బులుంటే ఇది పనికిరాదు, రాడార్ కావాలి. 2021 డిసెంబరు 23న యూరప్ రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1బీలో విద్యుత్ సరఫరా దెబ్బతినడంతో, ఆరు రోజులకోసారి అందే చిత్రం చాలాచోట్ల పన్నెండు రోజులకు జారింది. ఆ ఖాళీని పూరించే 1సీ ఎగిరింది 2024 డిసెంబరులో. వరద పన్నెండు రోజులు ఆగదు కదా. కొత్త ఉపగ్రహాల ప్రకటనల కంటే విడిగా దాచిన ఒక్క సిద్ధ ఉపగ్రహమే మేలని సంఘం అభిప్రాయం.

జీపీఎస్‌ను దారి చూపే సాధనంగానే చూస్తాం గానీ, టెలికాం టవర్లకు అది గడియారం. 2016 జనవరి 26న ఒక పాత జీపీఎస్ ఉపగ్రహాన్ని సేవ నుంచి తప్పిస్తుండగా, ప్రామాణిక కాలంతో తేడా చెప్పే అంకె 13 మైక్రోసెకన్లు తప్పింది. స్థానం లెక్కలో ఆ అంకె వాడరు, అందుకే మ్యాపులు చెడలేదు. ఆ తప్పు దూరం లెక్కలో పడి ఉంటే దాదాపు 4 కిలోమీటర్ల తేడా వచ్చేది. కాలం మీద నడిచే నెట్‌వర్కుల్లో మాత్రం అలారాలు మోగాయి. జీపీఎస్ తప్పినా కొంతసేపు కాలం నిలిపే రుబీడియం గడియారం, పోల్చి చూసుకోవడానికి యూరప్ వారి గెలీలియో లాంటి రెండో ఉపగ్రహ వ్యవస్థ పెట్టుకోవడమే దీనికి విరుగుడు.

వచ్చే ఏడాది పట్టికలో ప్రతి అంకె పక్కన కరెన్సీ, ఆర్థిక సంవత్సరం మొదలయ్యే నెల, రక్షణ పద్దు కలిసిందో లేదో రాస్తాం. ఈ మూడూ తేలని గడిని ఖాళీగా వదిలేస్తాం.