హెర్నియా ఆపరేషన్ అయిన ఏడాదికి ఒక్క ఫోన్ చేయించండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జనరల్ సర్జన్‌ని. గజ్జల్లో హెర్నియా, అంటే పొట్ట గోడ బలహీనమైన చోట పేగు లాంటిది బయటికి ఉబ్బడం, నాకు దాదాపు రోజూ ఎదురయ్యే జబ్బు. ప్రతి నెలా పైనుంచి మాకొక ఫారం వస్తుంది: ఎన్ని ఆపరేషన్లు చేశారు, అందులో లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసినవి, ఎన్ని? ఆ ఫారం గురించే, దాని వెనకున్న లాపరోస్కోపీ టార్గెట్ గురించే ఈ ఉత్తరం.

పేషెంట్‌ని నిలబెట్టి, గజ్జ మీద వేళ్లు ఆనించి దగ్గమంటాం. దగ్గినప్పుడు వేళ్లకు తగిలే తోపుతోనే చాలాసార్లు విషయం తేలిపోతుంది, స్కానింగ్ దాకా పోనక్కర్లేదు. అసలు చిక్కు ఆ తర్వాతే. ఇప్పుడే కొయ్యాలా, కొంతకాలం ఆగొచ్చా? పెద్దగా ఇబ్బంది పెట్టని హెర్నియా ఉన్న మగవాళ్లు ఆగినా ప్రమాదం తక్కువేనని 2006లో అచ్చయిన అమెరికా అధ్యయనం ఒకటి చూపించింది. హెర్నియా ఉన్నట్టుండి ఇరుక్కుపోవడం ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరికి కూడా జరగలేదు. పదేళ్లు తిరిగేసరికి వాళ్లలో చాలామంది నొప్పి పెరిగి ఆపరేషన్ చేయించుకున్నారన్నదీ నిజమే. ఇదంతా పేషెంట్‌కి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పడుతుంది. ఫారంలో ఆ అరగంటకి గడి లేదు. కోసేస్తే మాత్రం ఉంది.

ఆడవాళ్ల విషయంలో ఇంత తీరిగ్గా ఉండకూడదు. తొడ మొదట్లో వచ్చే ఫెమోరల్ హెర్నియా మగవాళ్లకన్నా వాళ్లలోనే ఎక్కువ. సన్నటి సందులోంచి వస్తుంది కాబట్టి పేగు నొక్కుకుపోయే భయం ఉంటుంది, త్వరగా చెయ్యాలి.

ఇక పద్ధతి. 1880లలో ఇటలీ సర్జన్ బస్సీని కండరాలను దగ్గరికి లాగి కుట్టడం నేర్పాడు. లాగి కుట్టినది మళ్లీ తెగే ప్రమాదం ఉంటుంది. 1980లలో అమెరికా సర్జన్ లిక్టెన్‌స్టైన్ బృందం లాగకుండా, బలహీనమైన చోట మెష్ (వల లాంటి గుడ్డ) పరిచి కుట్టే 'టెన్షన్ లేని' పద్ధతికి ప్రచారం తెచ్చింది. (ఆ టెన్షన్ కండరాలదే లెండి, మాది ఎలాగూ పోదు.) పెద్దవాళ్లలో ఇప్పుడు ఎక్కువగా మెష్‌తోనే చేస్తాం, పిల్లలకు అది అక్కర్లేదు. రెండు వైపులా ఉన్నా, తెరిచి చేసిన చోట మళ్లీ వచ్చినా లాపరోస్కోపీ మేలు. పనికి త్వరగా వెళ్లొచ్చు కూడా. కానీ దానికి సాధారణంగా పూర్తి మత్తు కావాలి, చెయ్యి తిరగడానికి చాలా కేసులు పడతాయి. గుండె బలహీనంగా ఉన్న ముసలాయనకి లోకల్ అనస్థీషియాలో తెరిచి చేస్తే, బల్లమీదే ఆయన్ని దగ్గమని, మెష్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవచ్చు. ఆయన్ని లాపరోస్కోపీ గడిలోకి నెట్టమంటే ఎలాగండీ?

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం నరాల సంగతి. గజ్జలో కోత పెట్టి పైపొర తెరవగానే తెల్లటి దారంలా ఒక నరం కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కలే మరో రెండు. వాటిలో ఏ ఒక్కటి కుట్టులో పడినా ఆ మనిషికి నెలల తరబడి మంట. నరం జోలికి పోకపోయినా కొందరికి నొప్పి మిగులుతుంది. సుమారు పది మందిలో ఒకరిని నెలలు గడిచినా వదలదు. నేను ఆపరేషన్ చేసిన ఒక డ్రైవర్ పద్నాలుగు నెలల తర్వాత వేరే పని మీద వచ్చి, సీట్లో గంట కూర్చోలేకపోతున్నానని మాటవరసకు చెప్పాడు. కుట్లు మానాయి, హెర్నియా తిరిగి రాలేదు. మా రికార్డులో ఆయన సక్సెస్ కేసు.

స్వీడన్‌లో 1992 నుంచి హెర్నియా రిజిస్టర్ నడుస్తోంది. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు అందులో తేలిపోతారు. మనమూ అలా వెనక్కి తిరిగి చూసుకోవచ్చు. లాపరోస్కోపీ టార్గెట్ ఎత్తేయండి. దాని బదులు ఏడాది నిండిన ప్రతి పేషెంట్‌కి ఒక ఫోన్ చేయించండి. నొప్పి ఉందా, మళ్లీ ఉబ్బిందా, పనికి వెళ్తున్నారా? మూడు ప్రశ్నలు చాలు. నా పేషెంట్లకు నేను చేయడం మొదలుపెట్టాను. మొదటి ఫోన్ ఆ డ్రైవర్‌కే.

భవదీయుడు,
ఒక సర్జన్