ఆఫర్‌కి సరే చెప్పేముందు ఒక పేజీ రాయి

తల్లీ,

బెంగళూరు ఉద్యోగం ఆఫర్ గురించి నువ్వడిగినప్పుడు ఫోన్‌లో వివరంగా చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నాను. వెళ్ళాలా వద్దా అన్నది నేను చెప్పను, నీ ఫీల్డ్ నాకు తెలీదు. ఎలా తేల్చుకోవాలో మాత్రం, బ్యాంకు లోన్ సెక్షన్‌లో పనిచేసినవాడిగా కొంత తెలుసు.

మా దగ్గర పెద్ద లోన్ ఏదీ నోటిమాట మీద శాంక్షన్ అవదు. లోన్ అడిగే పార్టీకి ఆదాయం ఎక్కడినుంచి వస్తుంది, సెక్యూరిటీగా తాకట్టు పెట్టేదేంటి, ఎక్కడ దెబ్బతినే అవకాశముంది, అయినా ఎందుకిస్తున్నాం అని ముందే నోట్ రాయాలి. తర్వాతెప్పుడో వాయిదా 90 రోజులు దాటినా కట్టక ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబకాయి, అయితే ఆ ఫైలు తీసి, ఆ రోజు ఆఫీసరు చేతిలో ఉన్న సమాచారానికి ఆ నిర్ణయం సబబేనా అని చూస్తారు. లోన్ మునిగింది కాబట్టి ఆఫీసరుదే తప్పు అనకూడదు. వానల్లేక, ధాన్యం రాక రైస్‌మిల్లు మూతపడటం వేరు, సరుకెంతుందో చెప్పే స్టాక్ స్టేట్‌మెంట్ చూడకుండా సంతకం పెట్టడం వేరు. ఏ లెక్కా చూడకుండా ఇచ్చిన లోన్ వడ్డీతో సహా వసూలైతే ఆ ఆఫీసర్ని అందరూ మొనగాడంటారు, నాకైతే అలాంటివాళ్ళంటేనే ఎక్కువ భయం.

ఉద్యోగం మారేటప్పుడు ఈ నోట్ ఎవరూ రాసుకోరు. ఏడాది గడిచాక "నాకు అప్పుడే తెలుసు" అంటారు, పైగా నిజంగానే తెలుసనుకుంటారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ పర్యటనల ముందు ఫిష్‌హాఫ్, బేత్ అనే పరిశోధకులు విద్యార్థుల్ని ఏమేం జరగడానికి నూటికి ఎంత అవకాశముందో అంచనా వేయమన్నారు. తర్వాత పాత అంచనాలు గుర్తుచేసుకోమంటే, జరిగినవాటికి తామిచ్చిన అంకెల్ని పెంచి చెప్పినవాళ్ళే ఎక్కువ.

కాబట్టి తేదీ వేసి రాయి. జీతం పక్కనపెడితే అక్కడ నేర్చుకునేదేంటి, ఎవరి కింద పని, ఏడాదికల్లా ఏమవుతుందనుకుంటున్నావు, నూటికి ఎంత నమ్మకం. అంకె వేయి, "బాగానే ఉంటుంది" అని రాస్తే తర్వాత ఎటైనా తిప్పుకోవచ్చు. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు చెప్పిన పద్ధతి ఇంకొకటుంది: ఏడాది తిరిగేసరికి అంతా చెడిపోయిందనే అనుకుని, ఎందుకు చెడిందో రాయడం. అశుభం పలకొద్దంటుంది మీ నానమ్మ, ఆవిడకి చూపించకు.

కోర్సులూ సర్టిఫికెట్లూ నీ టీంలో అందరికీ ఉంటాయి. ఇలాంటి పేజీలు పదేళ్ళు పోగైతే, మనుషుల విషయంలో నీ అంచనా నిలబడుతుందనీ గడువుల విషయంలో ఎప్పుడూ తక్కువే వేస్తావనీ (ఉదాహరణకే అంటున్నా, కోప్పడకు) నీ చేతిరాతలోనే కనబడుతుంది. ఎవరి మాట మీద డబ్బు పెట్టాలో పైవాళ్ళు చూసేటప్పుడు పనికొచ్చేది అదే.

అన్నిటికీ ఇంత అక్కర్లేదు, వెనక్కి రావడం కష్టమైనవాటికే. ఏడాదిలోపు మానేస్తే జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాలని చాలా ఆఫర్లలో ఉంటుంది. నువ్వు రాసిన పేజీ నాకు పంపక్కర్లేదు, ఆ బోనస్ పేరా మాత్రం ఫోటో తీసి పంపు, సంతకం పెట్టేముందు ఒకసారి చూస్తాను.

నాన్న