సామ్రాజ్యానికి తిండి పెట్టిందెవరు?

సంపాదకులకు,

అయ్యా,

ఇటీవల మీ పత్రిక ఉత్తరాల శీర్షికలో ఒక తండ్రి రాసిన లేఖ చదివాను. కాలేజీ పిల్లలు సూపర్‌హీరో నవలల మోజులో పడ్డారనీ, వాటిలోనూ మంచివాడు కాని మనిషి అతీత శక్తులు సంపాదించి సామ్రాజ్యం స్థాపించే కథలనే ఎగబడి చదువుతున్నారనీ, దానివల్ల దుర్మార్గమే దొడ్డతనమన్న భావం వాళ్ల మనసుల్లో నాటుకుంటుందనీ ఆయన వాపోయారు. ఆయన బాధ అర్థమవుతుంది గానీ, ఆయన తీర్పుతో ఏకీభవించలేను. ఆ నవలల మీద నాకూ అభ్యంతరం ఉంది. అది వేరే రకం.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మనవడి దగ్గర అలాంటి ఇంగ్లీషు నవల ఒకటి అడిగి తీసుకుని, ఈ వేసవిలో మొదటి భాగం పూర్తిగా చదివాను. ఆరువందల పేజీల పైచిలుకు. చిన్ననీటి పారుదల శాఖలో ముప్పయ్యేళ్లకు పైగా చెరువుల మరమ్మతులు చూసి, పదవీ విరమణ చేసి కడపలో కాలక్షేపం చేస్తున్న నాకు ఆ తరహా పుస్తకం చేతికి రావడం అదే మొదలు. చిన్నప్పుడే అయినవాళ్లను పోగొట్టుకున్న ఒక కుర్రవాడికి నీడలను ఆజ్ఞాపించే శక్తి అబ్బుతుంది. తనకు అన్యాయం చేసినవాళ్లను ఒక్కొక్కరినే అణచి, మొదట ఒక వీధిని, తరువాత ఒక రేవును, చివరికి ఏడు నగరాలను గుప్పిట్లో పెట్టుకుంటాడు. ఇచ్చిన మాట తప్పుతాడు, ప్రాణస్నేహితుణ్ణి శత్రువుకు అప్పగిస్తాడు, అయినా వాడు ఓడిపోతాడేమో అనిపించిన చోట చదివేవాడి గుండె దడదడలాడుతుంది. నా గుండె కూడా దడదడలాడింది. ఈ వయసులో దాచుకోవలసిన పనేముంది?

ఇటువంటి నాయకుడు మనకు కొత్త కాడు. లంక రావణుడు కట్టించినది కాదు, అన్న అయిన కుబేరుణ్ణి వెళ్లగొట్టి ఆక్రమించుకున్నది. మా ఊళ్లో తోలుబొమ్మలాట ఆడే రాత్రుల్లో పిల్లలమంతా కళ్లు నులుముకుంటూ నిద్ర ఆపుకొన్నది రావణుడు తెరమీదికి ఎప్పుడొస్తాడా అనే గానీ రాముడి కోసం కాదు. అంతమాత్రాన మాలో ఎవరమూ రావణులం కాలేదు. ఇక హిరణ్యకశిపుడి సంగతి చూడండి. పగలు గానీ రాత్రి గానీ, ఇంట గానీ బయట గానీ, మనిషి చేత గానీ మృగం చేత గానీ చావు రాకూడదని బ్రహ్మ దగ్గర కోరుకున్న ఆ వరం, ఈనాటి నవలాకారులు తమ నాయకుల శక్తులకు ఎంతో శ్రమపడి కల్పించే హద్దుల కంటే తెలివైనది. మా మనవడి నవలలో నాయకుడి నీడలు చీకటిలో మాత్రమే పనిచేస్తాయి, మిట్టమధ్యాహ్నం వాడు మామూలు మనిషి. ఆ ఏర్పాటును రచయిత చక్కగా వాడుకున్నాడని ఒప్పుకోవాలి.

నా అభ్యంతరం పదమూడో అధ్యాయంతో మొదలవుతుంది. పన్నెండో అధ్యాయం ముగిసేసరికి వాడి చేతిలో ఉన్నది ఒక్క పాడుపడిన రేవు. పదమూడోది ‘మూడేళ్ల తరువాత’ అని మొదలవుతుంది. తెరిచి చూస్తే నల్లరాతి కోట, ఏడంతస్తుల బురుజులు, నలభై వేల సైన్యం. రాయి ఎక్కడ కొట్టారు, ఎవరు మోశారు, మోసినవాళ్లకు కూలి ఎవరిచ్చారు, నలభై వేల నోళ్లకు రెండు పూటలా తిండి ఏ పొలం నుంచి వచ్చింది, ఆ పొలానికి నీళ్లు ఏ తూము నుంచి పారాయి అన్న ప్రశ్నలకు ఆరువందల పేజీల్లో ఒక్క పేరా జవాబు లేదు. దీనికంటే పురాణమే నయం. హిరణ్యకశిపుడి ఏలుబడిలో భూమి దున్నకుండానే పంటలిచ్చిందని భాగవతం సప్తమ స్కంధంలో ఉంది. రాక్షసరాజ్యానికి కూడా గింజలు ఎక్కడివో చెప్పవలసిన బాధ్యత తనకున్నదని ఆ కథ చెప్పినవారు అనుకున్నారన్నమాట.

మన జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం చదివినవారికి నా బాధ ఏమిటో వెంటనే తెలుస్తుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన ఆ శాసనం, రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని సాగితే ఆ చెరువు పూర్తయిందని లెక్క చెబుతుంది. అంతటితో ఊరుకోదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను చెబుతుంది, రాకూడని ఆరు దోషాలను కూడా చెబుతుంది: కట్ట నుంచి నీరు ఊటగా కారడం, చవిటి నేల, నీటి మధ్య తాబేటి వీపులా మెరక ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం. ఇవన్నీ నేను ఉద్యోగంలో కళ్లారా చూసినవే. ఆరోది మాత్రం కొలతలు వేసేవాడికి తట్టేది కాదు, రాజ్యం చేసేవాడికి తట్టేది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదు. ఏ నవలాకారుడైనా ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే ఒక సంపుటానికి సరిపడా కథ దొరుకుతుంది. ఇద్దరు రాజులు, ఒక చెరువు. చెరువు నిండి మరువ మీదుగా నీళ్లు పొర్లితే ఎవరి పొలం మునుగుతుంది, కట్ట తెగితే ఎవరి ఊరు కొట్టుకుపోతుంది, పొలాలకు నీళ్లు పంచే నీరుగంటి ఎవరివాడైతే మాట చెల్లుతుంది? అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ అనే కోడలి కథ జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. రాజు పేరుతో చెరువు, కోడలి ప్రాణంతో కట్ట. ఆ కోడలి వైపు నుంచి రాసిన ఫాంటసీ నవల ఒక్కటైనా ఉంటే చదవాలని ఉంది.

కోట కావాలనుకునే పాఠకులకు గండికోట ఉంది. ఇరాన్‌లో ఒక సామాన్యుడికి పుట్టి, వజ్రాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా గోల్కొండ చేరి, తానే వజ్రాల వర్తకుడై, సుల్తానుకు వజీరై, ఆ సుల్తాను పేరుతోనే, అప్పట్లో కర్ణాటకం అనిపించుకున్న మన వైపు సీమను జయించి తన సొంత రాజ్యంలా ఏలుకున్న మీర్ జుమ్లా కంటే యాంటీ హీరో ఎక్కడ దొరుకుతాడు? 1652లో గండికోటలో అతణ్ణి కలిసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఒక దృశ్యం రాసిపెట్టాడు. గుడారంలో మీర్ జుమ్లా కాలి వేళ్ల సందుల్లోనూ, ఎడమచేతి వేళ్ల సందుల్లోనూ ఉత్తరాలు గుచ్చుకుని కూర్చుని, ఒక్కొక్కటే తీసి చదివి రాయసగాళ్లకు జవాబులు చెబుతున్నాడట. గుళ్లలోని రాగి విగ్రహాలను తెప్పించి, ఒక ఫ్రెంచివాడి చేత ఫిరంగులు పోతపోయించబోయాడని కూడా ఆయనే రాశాడు. కాలి వేళ్ల మధ్య ఉత్తరాలు పెట్టుకున్న ఆ మనిషిని చదివినప్పుడు నాకు పుట్టిన భయం, ఆ నవలలోని నీడల సైన్యాన్ని చూస్తే పుట్టలేదు. 1656 నాటికి ఆ సుల్తానును వదిలి మొగలుల పక్షం చేరాడు. చివరికి అస్సాం దండయాత్ర నుంచి జబ్బుతో తిరిగి వస్తూ 1663లో పోయాడు. గండికోటలో ధాన్యాగారం మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. మా మనవణ్ణి ఒకసారి అక్కడికి తీసుకువెళ్తే, పెన్న లోయ అంచున నిలబడి ఫొటోలు తీసుకున్నాడు గానీ ధాన్యాగారం లోపలికి తొంగి చూడలేదు. తప్పు వాడిది కాదు, వాడు చదివిన కోటల్లో ధాన్యాగారాలు లేవు.

ఆ లేఖ రాసిన తండ్రిగారితో నా మనవి ఏమిటంటే, పిల్లవాడి చేతిలోని పుస్తకం లాక్కోకండి. మీరూ చదవండి, చదివి ఆ సైన్యానికి జీతాలు ఎవరిస్తున్నారని వాణ్ణి అడగండి. మీ పత్రికకు కూడా ఒక మనవి. ఆదివారం అనుబంధంలో ఇటువంటి నవలల మీద పిల్లల చేతనే సమీక్షలు రాయించి వేయండి. వాళ్లు మనం అనుకున్నంత గుడ్డిగా చదవడం లేదు. ఇక మన జిల్లాలో కథలు రాస్తున్న యువకులకు కావలసిన సరుకు, ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల చరిత్రల్లో, అంటే కైఫీయత్తుల్లో, కుప్పలుగా ఉంది. కడప జిల్లాకు సంబంధించినవి ఇక్కడి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసింది కూడా. ఏ ఊరు ఎవరు కట్టించారో, ఏ పాలెగాడు ఎవరి దగ్గర ఎంత గుంజాడో, ఏ మాన్యం ఎవరికి దక్కిందో వాటిలో దొరుకుతుంది. దానికి అతీత శక్తి ఎంత కలపాలో వాళ్ల ఇష్టం.

ఈ ఉత్తరం సగం రాసి ఉంచిన రోజున మా మనవడు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. రెండో భాగంలో సగానికి వచ్చాడట. “జేజినాయనా, నువ్వు అడిగావు కదా, ఇందులో కరువు వచ్చింది. నీడలకు ఆకలి లేదు గానీ జనానికి ఉంది, రేవులో తిరుగుబాటు మొదలైంది” అన్నాడు. రచయిత మీద నేను కొంచెం తొందరపడ్డానేమో. పదమూడో అధ్యాయం గురించి నేను రాసినదాంట్లో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను గానీ, ఆ రెండో భాగం దసరా సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మని వాడికి చెప్పాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత నీటిపారుదల ఉద్యోగి,
కడప