కౌరీ చెట్టు దగ్గరికి బురద బూట్లతోనా?

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో న్యూజిలాండ్ యాత్రా వ్యాసం చదివాను. వైపోవా అడవిలోని తానే మహూతా గురించి చక్కగా రాశారు. చుట్టుకొలతే 13 మీటర్లు దాటిన ఆ కౌరీ మానును ఎంత పొగిడినా తక్కువే. అభ్యంతరమల్లా పక్కన వేసిన ఫొటో మీదే. ఒక కుటుంబం నడకదారి దిగి, మరో కౌరీ వేళ్ల మీద నిలబడి, మానును కౌగిలించుకుని నవ్వుతోంది. చూసినవాళ్లు తామూ అలాగే దిగాలనుకోరా?

ఈ జాతి కౌరీ సహజంగా పెరిగేది న్యూజిలాండ్‌లోనే, అదీ ఉత్తర దీవి పైభాగంలోనే. ఓడలకూ ఇళ్లకూ నరికేయగా మిగిలిన చెట్లను ఇప్పుడు ఫైటోఫ్తోరా అనే, బూజులాంటి సూక్ష్మజీవి జాతి తెచ్చే తెగులు పీడిస్తోంది. కోనసీమ కొబ్బరి రైతులకు ఈ వంశం కొత్త కాదు. మొవ్వుకుళ్లు తెచ్చేది దీని దాయాదే. కౌరీకి సోకే రకం మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది, తడి తగిలితే పైపొరలోని పీచువేళ్లలోకి దూరుతుంది. మాను మొదట్లో జిగురు కారుతుంది, ఆకు పలచబడుతుంది, చివరికి చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఫాస్ఫైట్ అనే మందును మానుకు ఎక్కిస్తే తెగులు నెమ్మదిస్తుందే గానీ పూర్తిగా నయం కాదు. బూట్లకు అంటిన గుండుసూది తలంత మట్టి చాలు, కొత్త చోటికి పాకడానికి.

అందుకే 2017 డిసెంబరులో ఆక్లండ్ పక్కనున్న వైటాకెరె అడవిలోకి ఎవరూ రావద్దని అక్కడి మావోరీ తెగ ఆంక్ష పెట్టింది. మరుసటి ఏడాది నగరపాలక సంస్థ కూడా ఆ అడవిని మూసేసింది. తర్వాత కొన్ని దారులను బాగుచేసి తెరిచారు.

దారి మొదట్లో బూట్లు శుభ్రం చేసుకోవడానికి బ్రష్షు, క్రిమిసంహారక మందు ఉంటాయి. చాలామంది బ్రష్షును వదిలేసి మందు మీద కాలు ఆనించి వెళ్లిపోతారు. బూటు అడుగున గాళ్లలో బురద ఇరుక్కుని ఉంటే ఆ మందు పనిచేయదు. ముందు మట్టంతా గీకాలి, ఆ తర్వాతే మందు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. విమానాశ్రయంలో ఆవకాయ సీసాను భయభక్తులతో చూపించే మనవాళ్లకు బూట్ల సంగతి మాత్రం గుర్తుండదు!

పిల్లలను చూడటానికి ఏటా ఎందరో తల్లిదండ్రులు ఇక్కడికి, న్యూజిలాండ్‌కు, వస్తున్నారు. బయల్దేరే ముందు వారు చదివేది మీలాంటి పత్రికలనే. వీసా, చలిదుస్తుల వివరాలిచ్చే పెట్టెలోనే బూట్లు కడుక్కోవాలనీ, నడకదారి దిగవద్దనీ రెండు వాక్యాలు చేర్చండి. వెబ్‌సైటులో ఉన్న ఆ ఫొటోను కూడా మార్చగలరు.

— ఒక పాఠకుడు, ఆక్లండ్