సంచిలోవి ఉల్లికాడలు కావు

తిరుపతి

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. మీ బాబాయి చేతికి ఇచ్చి పంపినవి లీక్‌లు, అంటే ఉల్లికాడల్లా కనిపించే లావుపాటి కాడల కూర, మన పెరట్లో పండినవే. బెంగళూరు అంగళ్లలో ఉండేంత లావు లేవని పెదవి విరవకు. చలి కోరే పంటకు మన ఊరు ఇచ్చే చలి ఎంతని! సెప్టెంబరు చివర నారు పోసి, నవంబరు వానల మధ్య నాటి, ఎండ ముదరకముందే ఫిబ్రవరిలో పీకేశాను. బొటనవేలంత అయ్యాయి. వండడానికి అది చాలు.

మీ మేడ మీద ఇంతకన్నా బాగా వస్తాయి. నారు పెన్సిలు లావయ్యాక, లోతైన కుండీలో కర్రతో ఆరంగుళాల గుంత పొడిచి మొక్కను జారవిడువు. మట్టి కప్పకు, నీళ్లు పోస్తే చాలు. తడికి మట్టే జారి వేళ్లను పట్టుకుంటుంది. కాడ ఎదిగినకొద్దీ మొదట్లోకి మట్టి ఎగదోస్తూ ఉండు. వెలుతురు తగలని మేరకే అది తెల్లగా, లేతగా ఉంటుంది. మనం తినేది ముఖ్యంగా ఆ తెల్ల భాగమే.

ఉల్లిలా గడ్డ ఊరదు కనుక శనివారం కూడా వండుకోవచ్చని మీ అవ్వ తీర్పు చెప్పింది. ఇదీ ఉల్లి, వెల్లుల్లి వంశమే అత్తా అన్నాను. "ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది" అంది.

కడగడంలో బద్ధకించకు. మట్టి ఎగదోసి పెంచినందుకు పొరపొరకూ ఇసుక ఉంటుంది. నిలువునా చీల్చి, తరిగి, గిన్నెడు నీళ్లలో కలియబెట్టి కాసేపు వదిలెయ్యి. ముక్కలను చేత్తో పైనుంచి తీసుకో. గిన్నె వంపితే అడుగున దిగిన ఇసుకంతా మళ్లీ వాటి మీదికే వస్తుంది.

ఉల్లిపాయలా ఎర్రగా వేయించావంటే చేదెక్కుతుంది. వెన్నలో, చిటికెడు ఉప్పుతో, మూత పెట్టి సన్నమంట మీద మెత్తబడనివ్వు. బంగాళదుంపతో ఉడికించి మెదిపితే సూపు. ఫ్రాన్సులో, ఇంగ్లండులో ఇష్టంగా తాగేది అదే. మీ నాన్న మాత్రం జ్వరం వచ్చినవాళ్ల తిండని పక్కకు నెట్టారు. ఆయన కోసం పెసరపప్పు పలుకుగా ఉడికించి అందులో కలిపాను. పైన ఎండుమిరప, జీలకర్ర తాలింపు, గుప్పెడు పచ్చికొబ్బరి. అన్నంలోకి బాగుంది. రాగిసంగటికి ఆనదు, దానికి ఘాటు కావాలి.

ముదురు ఆకులు పీచుగా ఉంటాయి, అయినా పారేయకు. పప్పు ఉడికే నీళ్లలో వేసి తర్వాత తీసేస్తే కమ్మదనం దిగుతుంది.

గింజలు సంచి అడుగున పొట్లంలో ఉన్నాయి. ఉల్లి గింజల్లాగే పాతబడితే సరిగా మొలవవు. దాచుకోకుండా వచ్చే సెప్టెంబరుకే పోసుకో.

అమ్మ